కింద నిలబడి చెప్పిన వాక్యం

ఆఫీసు శిక్షణ కోసం భీమవరం నుంచి వచ్చి గచ్చిబౌలిలో ఉన్నప్పుడు, ఒక ఆదివారం నానక్‌రామ్‌గూడ వెళ్ళే షేర్ ఆటోలో సువార్తమ్మ పరిచయమైంది. బట్టలు కుడుతుందట. నా చేతిలో బైబిలు చూసి, "మా చర్చికి రారాదూ అక్కా, ఇయ్యాల నేనే వాక్యం చెప్తున్న" అంది. మా ఊరి చర్చిలో ఆడవాళ్ళం పాటలు పాడతాం, ప్రార్థన చేస్తాం. వాక్యం చెప్పడం, అంటే బైబిలు బోధించడం మాత్రం మగవాళ్ళ పని. అందుకే వెంట వెళ్ళాను.

అద్దాల టవర్ల వెనక, కిరాణా కొట్టు పైన చిన్న హాలు. పాస్టరుగారు ఊళ్ళో లేరు. సువార్తమ్మ కొంగు తలమీదికి లాక్కుని మైకు అందుకుంది కానీ వేదిక ఎక్కలేదు. పైన బోధకుడు నిలబడే బల్ల, పుల్పిట్, ఖాళీగా ఉండగా, కిందే నిలబడి మగ్దలేనే మరియ గురించి చెప్పింది. యేసు లేచాడన్న కబురు ముందుగా మోసుకెళ్ళింది ఆమే అని చెబుతుంటే, వెనక కూర్చున్నవాళ్ళు సువార్తమ్మ కనబడక మెడలు చాస్తున్నారు.

ఆరాధన అయ్యాక అడిగాను, "పైకి ఎక్కలేదేమండీ?"

"ఆడోళ్లు ఎక్కొద్దంటరు మా సంఘ పెద్దలు. కింద నిలబడి చెప్తే వాక్యం కాదు, మన అనుభవం చెప్పుకునే సాక్ష్యమంటరు. ఏమన్న అననియ్యి, నేను చెప్పేది చెప్పిన" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మాట మార్చాలని, పుల్పిట్ మీద పరిచిన తెల్లగుడ్డను, దాని మీద ఎర్రదారంతో కుట్టిన సిలువను మెచ్చుకున్నాను.

"అది నేనే కుట్టిన. వారం వారం ఉతికి పరిచేది గూడ నేనే." చెప్పులు వేసుకుంటూ అంది, "అప్పుడు ఎక్కుతనక్కా. ఎవ్వరూ ఏమనరు."