ఖాళీ గిన్నె పంపని విమలాబాయి

విమలాబాయి పోయి నెల తిరిగింది. మాసికం పెట్టిన మర్నాడు ఆమె మేనకోడలు రోహిణి నాందేడ్‌లోని ఆ అద్దె ఇల్లు ఖాళీ చేయించడానికి టెంపో మాట్లాడింది. ఇంటాయన వెంకట్రావ్ మంచివాడే గాని, కొత్తగా దిగేవాళ్లకు అప్పటికే మాటిచ్చేశాడు. సాయంత్రానికల్లా తాళంచెవి ఆయన చేతిలో పెట్టాలి. సామాన్లు మోసే శివరాం ముద్ఖేడ్ నుంచి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చాడు. పని మొదలుపెట్టే ముందు గడపకు దండం పెట్టుకోవడం అతని అలవాటు. ఆ తర్వాత మాత్రం దయాదాక్షిణ్యాలు ఉండవు. మంచం, బీరువా, కుట్టుమిషను, గ్యాసు పొయ్యి, అన్నీ మధ్యాహ్నం లోపలే టెంపో ఎక్కి కూర్చున్నాయి.

రోహిణికి కూడా ఎంత తొందరగా తన ఊరు నిజామాబాద్ వెళ్లిపోతే అంత బాగుండుననిపిస్తోంది. అత్త పదోరోజు భోజనాలప్పుడు, చేతులు కడుక్కునే చోట ఇద్దరు ఆడవాళ్ల మాటలు ఆమె చెవిన పడ్డాయి. తమ గిన్నె విమలాబాయి దగ్గరే ఉండిపోయిందని ఒకామె అంటే, తమవి రెండని ఇంకొకామె అంది. ఆ మాట అప్పటి నుంచి ముల్లులా గుచ్చుతూనే ఉంది. అత్త నోరు మంచిది కాదంటే రోహిణి ఒప్పుకునేది. పిసినారి అన్నా నవ్వి ఊరుకునేది. పరాయి గిన్నెలు కాజేసిందంటే మాత్రం ఎట్లా ఒప్పుకుంటుంది?

విమలాబాయి నిర్మల్ పక్క పల్లె నుంచి కొత్తకోడలిగా ఈ గల్లీకి వచ్చింది. భర్త అనంతరాములు రైల్వేలో పాయింట్స్‌మన్. ఇంట్లో తెలుగు, కూరగాయల బండి దగ్గర మరాఠీ, ఆటోవాడితో దక్కనీ ఉర్దూ. మూడు భాషల్లోనూ బేరమాడగలదు, బేరం కుదరకపోతే మూడింటిలోనూ తిట్టగలదు. పిల్లలు కలగలేదు. తల్లిలేని రోహిణిని తెచ్చుకుని, దహావీ, అదే పదో తరగతి, పాసయ్యేదాకా తన దగ్గరే ఉంచుకుంది. భర్త పోయాక ఎవరెంత రమ్మన్నా ఆ గల్లీ విడిచి కదల్లేదు.

ఆమెకు పూజలూ వ్రతాలూ అంతంతమాత్రం. ఉన్న నియమమల్లా ఒకటే. ఎవరింటి నుంచి ఏ గిన్నె వచ్చినా ఖాళీగా తిరిగి పోకూడదు. మజ్జిగ వస్తే సర్వపిండి వెళ్లేది, పప్పు వస్తే సకినాలు వెళ్లేవి. ఇంట్లో ఏమీ లేనినాడు గుప్పెడు చక్కెరైనా వెళ్లేది. విమలాబాయికి చెంచాడు పెడితే దోసెడు వస్తుందని గల్లీలో వేళాకోళం చేసేవారు. ఆ గిన్నెలన్నీ మోసింది రోహిణే. పైన మూత, మూత మీద తన చెయ్యి, ఆ చేతికి తగిలే వెచ్చదనం. మళ్లీ ఒక్కసారి అలా గిన్నె పట్టుకుని ఆ గల్లీలో నడవాలని ఆమెకు ఎన్నోసార్లు అనిపించింది. ఎవరితోనూ అనలేదు, అంతే.

శివరాం చివరగా సజ్జ మీదికి ఎక్కి ఒక గోనెసంచి దింపాడు. విప్పితే అన్నీ గిన్నెలే. తళతళా తోమి, పాత చీర పేలికల్లో విడివిడిగా చుట్టినవి. ఒకదాని మీద మరాఠీ అక్షరాల్లో ‘సౌ. ఇందుబాయి’ అని చెక్కి ఉంది. ఇంకోదాని మీద రఖమాబాయి, తెలుగులో పార్వతి. ఒక టిఫిన్ డబ్బా మీద సాక్షాత్తూ ఇంటాయన వెంకట్రావ్ పేరు. అత్త పేరున్నది ఒక్కటీ లేదు.

రోహిణి మొహం మాడిపోయింది. ఆ ఆడవాళ్లు అన్నది నిజమేనన్నమాట.

“తాయీ, ఇవి భంగార్‌కు ఏసెయ్యాల్నా? పాత ఇండ్లల్ల గిన్నెలన్ని గటే పోతయి,” అన్నాడు శివరాం.

వేసెయ్యమంది. ఎవరి కంటా పడకముందే ఆ సంచి పాత ఇనుము కొనేవాడి దుకాణానికి చేరిపోవాలి. నిజం తేలితే పరువు పోతుంది, ఇత్తడీ స్టీలూ కరిగిపోతే పరువు నిలుస్తుంది. ఆ క్షణంలో ఆమె బుర్రకు అందిన ధర్మం అంతవరకే.

సంచి మూతి కట్టబోతుండగా, పక్కింటి ఇందుబాయి పనివాళ్లకు చాయ్ పట్టుకుని లోపలికి వచ్చింది. పుట్టుక మరాఠీ అయినా, విమలాబాయితో దశాబ్దాల కబుర్లలో తెలుగు పట్టేసిన మనిషి. రోహిణి చిన్నప్పటి నుంచి ఆమెను మౌశీ అనే, అంటే పిన్ని అనే పిలుస్తుంది. సంచిలో తన గిన్నె చూసి ఇందుబాయి అక్కడే నేలమీద చతికిలబడింది. రోహిణి తల ఎత్తలేక, అత్తకు ముసలితనంలో మతిమరుపు వచ్చినట్టుందని ఏదో సర్దిచెప్పబోయింది.

“మతిమరుపు గాదు బిడ్డా,” అంది ఇందుబాయి. “ఆమెకు చేతులు వణుకుడు వట్టి రెండేండ్లాయె. పొయ్యి కాడ నిలవడ రాకపాయె. మేమే ఇంత కూర, ఇంత అన్నం పంపుతుంటిమి. తినుడు, గిన్నె తోమి పెట్టుడు, ఏమన్న వండినంక ఇస్త అనుడు. వండుడు చేతగాకపాయె. ఖాళీది పంప మనసొప్పకపాయె.”

“మరి మీరన్న అడగకపోయినరా మౌశీ?”

“అడుగుతె మా కూర ముట్టకపోతుండె. మీ అత్త సంగతి నీకు తెల్వదా? గందుకే గల్లీల అందరం ఒక్క మాట అనుకున్నం. గిన్నె ఎవ్వరం అడగొద్దని.”

రోహిణి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తే, ఇవ్వాళ చిక్కుడుకాయ వండిన, ఇవ్వాళ చారు పెట్టిన అని చెప్పేది అత్త. అవన్నీ ఎవరి ఇళ్లలో ఉడికినవో ఇప్పుడు తెలిసింది. పదోరోజు ఆ ఆడవాళ్లు అనుకున్నది కూడా నింద కాదు, తలపోత. అత్త దొంగ అని నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

లేచి, టెంపోలోంచి పొయ్యి దించమంది. శివరాం ససేమిరా అన్నాడు. ఎక్కించిన పొయ్యి దించితే అశుభమన్నాడు, సాయంత్రం ఇంకో ఇంటి సామాను ఉందన్నాడు. సంచిలో ఏముందో, ఎందుకుందో రోహిణి చెప్పింది. అతను వెళ్లి పొయ్యితోపాటు సిలిండర్ కూడా దించుకొచ్చాడు.

తీపి చేద్దామంటే ఏడాది సూతకం. అందుకని కిరాణా కొట్టు నుంచి రవ్వ తెప్పించి ఉప్మా చేసింది. కంగారులో అడుగంటింది గాని, రుచి పోలేదు. గిన్నెలన్నీ నింపి గల్లీలోకి బయల్దేరింది.  పార్వతి గిన్నె కళ్లకు అద్దుకుంది. తాళం కోసం వచ్చిన వెంకట్రావ్ చేతిలో టిఫిన్ డబ్బా పెడితే, ఆయన దాని మీది తన పేరు వేలితో తడిమాడు. తాళం మాటే మర్చిపోయాడు. రోహిణే గుర్తుచేసి ఇచ్చింది.

ఆఖరి గిన్నె ఇందుబాయిది. అదీ ఇచ్చేసింది. ఇక అత్తను ఎవరూ ఒక్క మాట అనడానికి లేదు. గుండె తేలికపడింది. ఆ తేలికలోనే ఏదో తెగిపోయినట్టూ ఉంది. ఈ ఊళ్లో ఇక తను వచ్చి తట్టాల్సిన తలుపు లేదు.

టెంపో ఎక్కబోతుంటే ఇందుబాయి వెనకాలే వచ్చింది. చేతిలో అదే గిన్నె, నిండా పెరుగన్నం. దారిలో తినమంది.

“డబ్బాల పెట్టియ్యి మౌశీ. గిన్నె మల్ల నా దగ్గర్నే ఉండిపోతది,” అంది రోహిణి.

“ఉండనీ,” అని ఇందుబాయి లోపలికి వెళ్లిపోయింది.

టెంపో కదిలింది. గిన్నె ఒళ్లో పెట్టుకుని, ముద్ఖేడ్ దాటేదాకా రోహిణి ఏడుస్తూనే ఉంది, ఈసారి వచ్చేటప్పుడు ఏం వండి తేవాలా అని ఆలోచిస్తూనే ఉంది.