ఆమెన్ అనేదాకా

జీవమ్మ ఆసుపత్రి ఆయా. బద్వేలు దారిలో తెల్లదొరలు పెట్టిన చిన్న మిషన్ ఆసుపత్రి అది. పందొమ్మిదివందల ముప్పై రెండులో మొగుడు కలరాతో పోతే, ఏడాది బిడ్డ దయమ్మను తన తల్లి వరమ్మ చేతిలో పెట్టి ఆ పనిలో చేరింది. జీతం ఆరు రూపాయలు. ఆమెకంటే ముందున్న ఆయాకూ అదే ఆరు. పగలూ రాత్రీ వార్డులోనే ఉండాలి. నెలకొక పూట ఇంటికి పోవచ్చు. ఊరు రెండు కోసుల దూరం. పోయిరావడానికే ఆ పూట సరిపోయేది.

ఎవరైనా నోరు విప్పితే మేనేజరు ఏసన్న, ఇది ఉద్యోగం కాదు, సేవ అనేవాడు. మహానుభావుడికి ఆ సేవ సంగతి ఎదుటివాళ్లు జీతం పెంచమన్నప్పుడే గుర్తొచ్చేది. సణిగిన వాళ్లకు విశ్వాసం తక్కువని ఆసుపత్రి నడిపే డాక్టరు దొరసానికి చెప్పేవాడు. అలా చెప్పించుకున్న వంటమనిషి నెల తిరక్కుండా పని పోగొట్టుకుంది. అందుకే జీవమ్మ రెండేళ్లు నోరు కుట్టేసుకుంది.

ఒక నెల ఇంటికి పోయినప్పుడు దయమ్మ వాకిట్లో ఆడుకుంటోంది. తల్లిని చూసి లోపలికి పరుగెత్తి, "అమ్మా, ఆయా వచ్చింది" అని వరమ్మతో చెప్పింది. ఊరంతా పిలిచే పిలుపే పిల్లకూ వచ్చింది. వరమ్మ చిన్నబోయి, మీ అమ్మే అని ఎంత చెప్పినా పిల్ల దగ్గరికి రాలేదు. జీవమ్మ నవ్వింది. దారి పొడుగునా మాత్రం ఏడ్చుకుంటూ ఆసుపత్రికి చేరింది.

బుధవారం సాయంత్రం పనివాళ్లందరికీ ప్రార్థన కూటం. చాపల మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేయాలి. దేవుడు ఇచ్చినవాటికి స్తోత్రాలు చెప్పడమే అక్కడి అలవాటు. ఒకరు ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్లు కళ్లు తెరవకూడదు, ఆమెన్ అనేదాకా అడ్డు రాకూడదు. అక్కడే కూర్చునే మేనేజరుకైనా, దొరసానికైనా అదే కట్టుబాటు. జీవమ్మ వంతు వచ్చింది. స్తోత్రాలకు బదులు ఆమె తన గోడు మొదలుపెట్టింది.

"తండ్రీ, నా బిడ్డ నన్ను ఆయా అంటాంది. ఈడ అందరి బిడ్డలకూ పాలు తాపి పండబెడ్తాండా. నా బిడ్డ ఆకిలని ఎవరితో చెప్తాందో నాకు తెల్దు. ఆరు రూపాయలు నాకు శాలవు, ఆ సంగతి పోనీ. వారానికొక దినం నన్ను ఇంటికి పంపీమని నువ్వన్నా చెప్పు తండ్రీ. మేనేజరయ్యతో చెప్పాలంటే నాకు భయం."

మేనేజరు గట్టిగా దగ్గాడు. జీవమ్మకు ఏడుపు పొంగుకొచ్చి ఆమెన్ నోట రాలేదు. ఇంకొకరు ఆమెన్ అంటే ఆ మొర తమదీ అని ఒప్పుకున్నట్టే. పని ఊడుతుందన్న భయం అందరికీ ఉంది. చివరికి ముసలి కాపలాదారు ఏసేపు, "ఆమెన్" అన్నాడు. ఆ వెనక చాకలామె అంది, మందులు కలిపే మాబాషా తన మతం కాకపోయినా అన్నాడు, తర్వాత అందరూ అన్నారు.

దొరసాని కళ్లు తెరిచి జీవమ్మను చూసింది. "నీకు బిడ్డ ఉందా?" అని అడిగింది. రెండేళ్లు జీవమ్మతో ఒకే వార్డులో పనిచేసిన మనిషి అడిగిన మాట అది. దొరసాని మొహం ఎర్రబడడం అందరూ చూశారు.

ప్రతి శనివారం మధ్యాహ్నం పోయి ఆదివారం రాత్రికి రావచ్చని ఆజ్ఞ అయింది. జీతం మాత్రం ఆరు దగ్గరే కూర్చుంది. దాని కోసం ఇంకెవరైనా ఏడవాలి కాబోలు.

మొదటి వారం దయమ్మ అవ్వ చెంగు వదల్లేదు. రెండో వారం దూరంగా నిలబడి చూసింది. మూడో వారం తల దువ్వించుకుంది, తల్లి చేతి ముద్ద తిని ఒళ్లోనే నిద్రపోయింది. నాలుగో ఆదివారం సాయంత్రం జీవమ్మ బయల్దేరితే, పిల్ల వెంటపడి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, పోవద్దు" అని కాళ్లు చుట్టేసుకుని గుక్కపట్టి ఏడ్చింది.

జీవమ్మ దారిలోనే కూలబడి బిడ్డను గుండెలకు హత్తుకుంది. ఆసుపత్రిలో ఎందరి బిడ్డల ఏడుపో మాన్పించింది. ఈ బిడ్డను మాత్రం కాసేపు ఏడవనిచ్చింది.