గోతాల పిచ్ మీద ఒక తుమ్ము

మా ఆయన ఆడిన క్రికెట్ క్లబ్బు చరిత్ర రాయడానికి పెద్ద కాగితం అక్కర్లేదు. ఓడిపోయారు, ఓడిపోయారు, ఒకసారి గెలిచారు, మళ్లీ ఓడిపోయారు, ఆ తర్వాత అందరికీ పొట్టలొచ్చాయి. అంతే. ఆ గెలిచిన ఒక్కసారీ నేను అక్కడే ఉన్నాను. పైగా క్రికెట్ అంటే నాకు ఒళ్లుమంట. కాబట్టి ఈ చరిత్రను ఉన్నదున్నట్టు చెప్పగలిగేదాన్ని నేనేనని నా నమ్మకం.

అది చీరాల. తొంభైలు అయిపోవస్తున్న రోజులు. చర్చి బడిలో లెక్కల మాస్టారైన మా ఆయన ఆ క్లబ్బుకు కెప్టెన్. మగ్గం నేసే అన్నదమ్ములిద్దరు, బట్టల కొట్టు గుమాస్తాలు, ఒక ఆటో డ్రైవరు, ఇలా సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో ఉండబుద్ధి కాని వాళ్లంతా అందులో సభ్యులు. ఊళ్లో ఆడితే కిటికీ అద్దాలు పగులుతున్నాయని తరిమేస్తే, వాడరేవు దగ్గర సముద్రం ఒడ్డుకు చేరారు. బంతి నీళ్లలో పడితే నాలుగు పరుగులని రూలు పెట్టుకున్నారు. అయితే ఇసుకలో బంతి లేవదు కదా. వేసిన చోటే కూర్చునేది.

అందుకని మొదట చర్చి నడవాలో పరిచే పీచు చాపను అడగకుండా పట్టుకెళ్లి, వికెట్ల కోసం దానికి కన్నాలు పొడిచారు. ఆదివారం పాస్టరు అయ్యగారు గంభీరంగా నడిచి వస్తుంటే కాలి బొటనవేలు అందులో ఇరుక్కుంది. పాపం ఆయన కోప్పడలేదు. వీళ్ల మీద ఒక కన్నేసి ఉంచడం మంచిదని అంపైరుగా చేరారు.

తర్వాత బజార్లో ఖాళీ మిరపకాయ గోతాలు చవగ్గా దొరికాయి. వాటిని విప్పదీసి, కలిపి కుట్టి, ఇసుక మీద పరిచి, నాలుగు వైపులా మేకులు దిగ్గొట్టారు. బంతి చక్కగా లేచింది. దాంతోపాటు గోతాల్లో ఉన్న కారమూ లేచింది. బ్యాట్స్‌మన్ తుమ్మాడు, కీపరు తుమ్మాడు. అయ్యగారు ముక్కు తుడుచుకోవడానికి చెయ్యెత్తితే అవుటిచ్చారనుకుని ఇద్దరు వెళ్లిపోయారు.

ఆ గోతాలను ఉతకొచ్చు కదా అని పెళ్లయ్యాక అడిగాను. బయటి జట్లు తుమ్ములతో చస్తాయి, అదే మా బలం అన్నారు. తుమ్ము మీ ముక్కూ బయటివాళ్ల ముక్కూ అని చూసి వస్తుందా అంటే మాత్రం పేపరు అడ్డం పెట్టుకున్నారు. వీళ్ల బౌలర్లు పరిగెత్తుకొస్తూ తుమ్మితే బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. వచ్చిన ప్రతి జట్టు చేతిలోనూ ఓడారు. చివరికి హైస్కూలు పిల్లల చేతిలో కూడా ఓడిపోయిన రోజున, బయటి జట్టు మీద గెలిచేదాకా గడ్డం తీయనని మా ఆయన అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నారు.

గడ్డం అక్కడక్కడా ఒత్తుగా, అక్కడక్కడా బోసిగా పెరిగింది. ఎదురైన ప్రతివాళ్లూ తిరుపతి మొక్కా మాస్టారూ అనేవాళ్లు. సండే స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి ఏం చెబుతారు? కాదండీ, క్రికెట్ అనేవారు. అది ఇంకా కష్టంగా ఉండేది వినడానికి.

ఆ గడ్డంతోనే గుంటూరు పక్కన మా నల్లపాడు వచ్చారు పెళ్లిచూపులకు. ఒట్టు సంగతి విని మా నాన్న మాట మీద నిలబడే మనిషని మురిసిపోయారు. నాకు మాత్రం మతి ఉన్న మనిషేనా అనిపించింది. గెలవకపోతే ఏం చేస్తారని అడిగాను.

"పెరుగుతుందండీ," అన్నారు.

నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు చూసి ఇంట్లో వాళ్లు ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నారు. ప్రధానం అయ్యాక గానీ తెలివి రాలేదు నాకు. చర్చిలో తెల్లచీర కట్టుకుని ఆ గడ్డం పక్కన నిలబడాలి. ఆ ఫొటో జన్మంతా హాల్లో గోడకు వేలాడాలి. గడ్డం తీస్తేనే పెళ్లి అని అన్నయ్యతో కబురు చేశాను. నిజంగానే రాత్రుళ్లు ఏడ్చాను కూడా.

కబురు అందగానే మా లెక్కల మాస్టారు లెక్క కట్టారు. పెళ్లిలోపు ఒక జట్టును ఓడించాలి. కాబోయే బావగారినే గుంటూరు నుంచి జట్టును తెమ్మన్నారు. పట్నం వాళ్ల ముక్కులు సుకుమారంగా ఉంటాయని ధీమా. అన్నయ్య కమిషన్ కొట్లో గుమాస్తా అని ఆయనకు తెలుసు. గుంటూరులో కమిషన్ కొట్టంటే దేని కొట్టో మా వీధిలో మేకను అడిగినా చెబుతుంది. ఆయన అడగలేదు. పైగా ముందురోజు పాత గోతాలు పీకేసి, ఘాటు చావని కొత్త గోతాలు పరిపించారు.

శనివారం మిర్చి యార్డుకు సెలవు. అన్నయ్య తన జట్టుతో రైల్లో వచ్చాడు. అంతా యార్డులో బస్తాలు మోసేవాళ్లూ, కాటా వేసేవాళ్లూ. నేనూ నాన్నా వెంట వెళ్లి, ఒడ్డున గొడుగు వేసుకుని కూర్చున్నాం. అన్నయ్య సంగతి నాకు తెలుసు. అమ్మ పోపులో ఎండుమిరపకాయలు మాడ్చి ఇల్లంతా దగ్గినా వాడు తుమ్మగా ఎవరం చూడలేదు. గోంగూర పచ్చడిలో కూడా పైన కారం చల్లుకునే రకం.

మొదటి బంతికి ఎర్రటి దుమ్ము లేచింది. ముక్కులకు జేబురుమాళ్లు కట్టుకున్న చీరాల వాళ్లంతా ఆశగా చూస్తున్నారు. బ్యాటు పట్టుకున్న హమాలీ నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏందన్నా, మన యార్డు తెచ్చి ఇక్కడ పరిచారు," అన్నాడు అన్నయ్యతో.

ఇక వాళ్లు సొంత ఇంట్లో ఆడినట్టు ఆడారు. కొత్త గోతాల దెబ్బకు చీరాల జట్టే తుమ్మి తుమ్మి సొమ్మసిల్లింది. విరామంలో అన్నయ్య దగ్గరికెళ్లి, కాస్త చూసీచూడనట్టు ఆడమని బతిమాలాను.

"ఓడిపొమ్మని వాళ్లకెట్టా చెప్పేదే? పనిగట్టుకుని వచ్చారు," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

చీరాల వాళ్లు ఎలాగో లాక్కొచ్చారు. చివరికి ఒకే బంతి, నాలుగు పరుగులు కావాలి. మిగిలింది మా ఆయనా, అవతల ఆటో డ్రైవరూ. ఆయన గడ్డం నిండా కారం. చెమటకు అది చెంపల్లోకి దిగి మండుతోంది, కళ్లు ధారలు కారుతున్నాయి. వెళ్లి మొహం కడుక్కోమని అయ్యగారే చెబుతున్నారు. ఈయన కదలరు. ఇంత పిచ్చి ఆట కోసం ఇంత కష్టపడుతున్న మనిషిని చూసి, అప్పటిదాకా ఉన్న కోపమంతా ఎటో పోయింది. ఫొటో సంగతి మర్చిపోయాను. ఆయన గెలిస్తే బాగుండుననిపించింది, అంతే.

బంతి వచ్చింది. ఈయనకు తుమ్మూ వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని తుమ్ముతూ ఊపిన బ్యాటుకు ఎక్కడో తగిలి బంతి సముద్రం వైపు లేచింది. సరిగ్గా దాని కింద అన్నయ్య. లారీ మీంచి బస్తా విసిరితే పట్టుకునే చేతులు అవి. ఒక్కసారి మా గొడుగు వైపు చూశాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు.

అన్నయ్య తుమ్మాడు. ఒడ్డంతా వినపడేలా, ఒళ్లంతా ఊగిపోయేలా తుమ్మాడు. బంతి వాడి పక్కనుంచి జారి, దొర్లి, అలలోకి పోయింది.

ఆ సాయంత్రం ఒడ్డునే మంగలిని కూర్చోబెట్టి గడ్డం గీయించారు. కారానికి మండిన చెంపలకు మజ్జిగ రాశారు. ఆ వారంలోనే అయిన మా పెళ్లి ఫొటోలో ఆయన మొహం పైసగం నల్లగా, కిందసగం ఎర్రగా ఉంటుంది. అయినా నాకు ఆ ఫొటో ఇష్టం.

ఆ గోతాలు ఎప్పుడో చివికిపోయాయి, క్లబ్బూ చెదిరిపోయింది. కథ మాత్రం మిగిలింది. కళ్లు తెరిచే కొట్టానని మా ఆయన పిల్లలకు చెబుతుంటారు. ఆయన పట్టుకున్న ఇంకో సంగతి ఏమిటంటే, మా అన్నయ్యకు మిరపకాయ ఘాటు పడదని. అన్నయ్య వస్తున్నాడని తెలిస్తే చాలు, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడతారు.

"బావగారికి కారం పడదు, కూర చప్పగా చెయ్యి," అంటారు.

కాదంటే ఆ నాలుగు పరుగులూ పోతాయి. అందుకని అన్నయ్య ఇన్నేళ్లుగా మా ఇంట్లో కిక్కురుమనకుండా చప్పిడి కూర తింటున్నాడు. నేను మాత్రం వాడి కంచంలో అన్నం కింద గుప్పెడు కారప్పొడి దాచి పెడతాను. తల వంచుకుని మొత్తం కలుపుకుని తినేస్తాడు. తుమ్మడు.