ఎలుక బొరియల వడ్లు

పట్టిన పనిని సగంలో వదలడం శాంతకుమారికి చేతకాదు. సూర్యాపేట బడిలో పంతులమ్మ అయిన ఆమె, 1949 క్రిస్మస్ సెలవులకు గరిడేపల్లి వచ్చింది మొదలు, నోటుపుస్తకం పట్టుకొని నాయినమ్మ జానమ్మ వెంటే తిరుగుతున్నది. ముసలామె పడ్డ కష్టం ముందు తరాలకు తెలియాలని ఆమె పట్టుదల. అన్నీ తేలాయి గాని ఒక్కటి తేలలేదు. మూడేళ్ల కిందట, లెవీ పేరుతో సర్కారు ఊళ్లో గింజ మిగల్చకుండా ఊడ్చుకుపోయిన ఏడు, తాను చదువుకుంటున్న హాస్టలుకు నెలనెలా బియ్యపు మూట ఎక్కడినుంచి వచ్చింది?

"కోదాడ సంతల మేకల అమ్మినం" అన్నాడు తండ్రి చంద్రయ్య.

"మనకు మేకలు ఎప్పుడున్నయ్ నాయినా?"

బియ్యం చెరుగుతున్న జానమ్మ ఫక్కున నవ్వింది. "దాన్ని ఏమార్చుడు నీతోని కాదు గని, ఇడిసిపెట్టు కొడుకా. ఎలుక బొరియలు తవ్విన బిడ్డా. కోతలైనంక గడ్డపార పట్టుకొని దొర పొలం గట్లెంబడి తిరిగిన. దొరికిన వడ్లు కడిగి, ఎండేసి, దంచి పంపిన."

"దొర ఊకున్నడా?"

"ఆయన మనిషి మట్టయ్య ఉరికొచ్చిండు, ఆ వడ్లు దొరవే అనుకుంట. ఎలుకలు లెవీ కట్టిన రసీదు సూపెట్టు, ఇచ్చేస్త అన్న. ఇగ ఏం మాట్లాడతడు!"

"మొత్తం తోడినవా?"

"సగం ఇడిసిపెట్టిన. వాటికి పిల్లలుండయా?"

పెన్సిలు పరుగెడుతుండగా చంద్రయ్య పుటమీద చెయ్యి అడ్డం పెట్టాడు. మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోసి కాయలు కాచిన చెయ్యి.

"గది రాయకు బిడ్డా. పంతులమ్మ ఎలుకల ఎంగిలి తిన్నదని నవ్వుతరు. నీకు ఇజ్జత్ ఉండాలెననే గద నేను బరువులు మోస్తున్న."

ఆ చేతిని తోసెయ్యడం శాంతకుమారివల్ల కాదు. మేకలని రాయడమూ ఆమెవల్ల కాదు.

"మేకలని రాస్తే నాయినమ్మ కష్టం ఏమైతది నాయినా? తిన్నది నేను. నవ్వితే నన్నే నవ్వనీ."

చంద్రయ్య మెల్లగా పుటమీంచి చెయ్యి తీశాడు.

"లోపల వడ్లున్నయని నీకెట్ల ఎరుకైతది నాయినమ్మా?"

"చెప్తే వచ్చేది కాదది." జానమ్మ చేట పక్కన పెట్టి, గడ్డపార అందుకొని పొలానికి దారితీసింది. గట్టుమీద మడమతో అదిమి చూసుకుంటూ నడిచి, ఒకచోట ఆగింది. "గీడ తొక్కు. డొల్లగ తగులుతది సూడు."

శాంతకుమారి తొక్కింది. మట్టి అడుగున నిజంగానే ఏదో బోలుగా తగిలింది. జానమ్మ గడ్డపార ఎత్తబోయింది. వెనకాలే వచ్చిన చంద్రయ్య దాన్ని అందుకున్నాడు.

"నువ్వు చెప్పమ్మా, నేను తవ్వుత. అది రాసుకుంటది."