సైకిలు వెనక బస్సు

నకరికల్లు దాటగానే మా బస్సు ఒక సైకిలు వెనకాల నడవడం మొదలుపెట్టింది. తొక్కేవాడు, చనిపోయిన తన భార్యాబిడ్డల ఫోటో వీపుకు కట్టుకున్నాడు. వాళ్ల పేరున ఊరికి ఆసుపత్రి జీపు కొనాలని, మాచర్ల నుంచి గుంటూరు దాకా చందాలు అడుగుతూ తొక్కుతున్నాడని కండక్టరు చెప్పాడు.

"పోయినోళ్ల ఫోటోని దాటి పోతే పాపం," అన్నాడు డ్రైవరు, హారన్ మీద చెయ్యి కూడా వెయ్యకుండా.

గేదెలు మమ్మల్ని దాటిపోయాయి. వాటి దూడలూ దాటిపోయాయి. నా గడ్డం మోకాళ్ల దాకా పెరిగింది.

"ఏందయ్యా ఈ ఊరేగింపు?" అని కిటికీలోంచి అరిచాను.

అతను సైకిలు ఆపి, విసుగ్గా డ్రైవరు దగ్గరికి వచ్చాడు.

"నా వెనకాల ఏందన్నా మీరు? పోండి! మా వాళ్లు బతికున్నప్పుడు ఆసుపత్రికి పోవాలని ఇదే రోడ్డు మీద చెయ్యెత్తితే ఒక్క బండీ ఆగలా. ఇప్పుడు ఫోటోకి ఆగితే ఏం లాభం? చెయ్యెత్తినోళ్లకి ఆపు, చాలు."

ఆ తర్వాత నరసరావుపేట దాకా డ్రైవరు లేచిన ప్రతి చేతికీ బస్సు ఆపాడు. తలపాగా చుట్టుకుంటున్న వాడి కోసం కూడా ఆపాడు.

ఇప్పటికీ బస్సు ఊరికే ఆగితే నేను పళ్లు కొరుకుతాను. నోరు మాత్రం మెదపను.