కుళ్ళు లేని అయస్కాంతం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కారు లేదు. పెదనాయన ఇంట్లో మాత్రం ఉండబోతోందని ఒకరోజు తెలిసింది. ఆ ఒక్క ముక్క చాలు, నాకు అన్నం సహించకపోవడానికి.

మా నాయన యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పేవాడు. మేము క్యాంపస్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. పెదనాయన అంటే మా అమ్మ వాళ్ళ అక్క మొగుడు, నాయనకు తోడల్లుడు. ఆయన కాంట్రాక్టులు చేసేవాడు, తార్నాకలో సొంత ఇల్లు. వాళ్ళ కూతురు, అంటే మా అక్క, నాకంటే కొంచెం పెద్దది. అది తొడిగి పొట్టివైన గౌన్లు నాకు వచ్చేవి. అది తొక్కి విసుగుపుట్టిన సైకిలు నాకు వచ్చింది. అలా దాని తర్వాత దాని వస్తువులతో పెరిగినదాన్ని, కుళ్ళుకోక ఏం చేస్తాను? కుళ్ళుకున్నాను. కడుపునిండా కుళ్ళుకున్నాను.

ఆ కారు మామూలుది కాదు. పాతకాలపు విలాయతీ కారు, ఎర్రది, పైన గుడ్డ టాపు, నేలకు ఆనుకుని పోయే రకం. రెండే సీట్లు. అక్క ఆ సంగతి చెప్పడానికి పనిగట్టుకుని మా క్వార్టరుకు వచ్చింది. "కొన్నంక పూజకు యాదగిరిగుట్టకు పోతున్నం. నాయిన నడుపుతడు, పక్క సీటు నాది. మీరు స్కూటర్ మీద ఎనక రాండ్రి," అన్నది. వాళ్ళ దుమ్ము తింటూ వెనక వెళ్ళే మా ముగ్గురి స్కూటరు నా కళ్ళ ముందు కదిలింది. ఆ రాత్రి నిద్రపోలేదు.

మండింది నాకొక్కదానికే కాదు. నాయనకూ మండింది. ఆ కారును చదువుకునే రోజుల నుంచీ ఎరుగుదునని ఆయన తర్వాత చెప్పాడు. అప్పట్లో ఎవరో గొప్పింటి అబ్బాయి దాన్ని ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి నడుపుకుంటూ పోతుంటే ఈయన మెట్ల మీద నిలబడి చూసేవాడట. ఇన్నేళ్ళకు అది అమ్మకానికి వస్తే, కొనబోయేది తోడల్లుడు.

చూడటానికి అందరం కలిసి వెళ్ళాం. అమ్మే ఆయన ఇల్లు పెదనాయన వీధిలోనే. కారు అద్దంలా మెరుస్తోంది. తాళంచెవి ఇలా తిప్పగానే అలా స్టార్టయింది. అక్క చప్పట్లు కొట్టింది. నాయన మాత్రం అంతకుముందే, స్కూటరు దిగీ దిగగానే బానెట్ మీద అరచెయ్యి వేశాడు. జ్వరం వచ్చిన పిల్ల నుదుటిలా కాలుతోంది. మేము రాకముందే ఎవరో బాగా నడిపి వేడి చేసి పెట్టారన్నమాట. తలుపు చుట్టూ ఉండే నల్ల రబ్బరు మీద ఎర్ర రంగు మరకలున్నాయి, అంటే రంగు ఈమధ్యే కొట్టింది. ఇంజను కింద, కారే ఆయిలు కనపడకుండా కాబోలు, కొత్త గోనెసంచి పరిచి ఉంది.

"అన్నా, జర ఆగు. ఇంకోపాలి చూద్దాం," అన్నాడు నాయన.

పెదనాయన పకపకా నవ్వాడు. "తమ్మీ, ముందుగాల నీ స్కూటరు సంగతి చూసుకో," అన్నాడు. అమ్మే ఆయన కూడా నవ్వాడు. నాయన మొహం మాడిపోయింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ ఊరుకుంటుందా? "మనకు కొనే తాహతు లేదు. కొనేటోళ్ళను చూసి కండ్లల్ల నిప్పులు పోసుకునుడెందుకు?" అన్నది. నాయన ఏం చెప్తాడు పాపం! చూసింది చెప్తే ఏడుపు అంటారు. చెప్పకపోతే ఆ బండి ఎక్కేది మా వాళ్ళే.

నేను ఆయన పక్కన చేరి నా వంతు ఎక్కించడం మొదలుపెట్టాను. రంగు బాగాలేదని, లైట్లు కప్పకళ్ళలా ఉన్నాయని, హారన్ మేకలా అరిచిందని. నాయన అంతా విని, "నీకు కుళ్ళే, నాకు కుళ్ళే. మనిద్దరి సాక్ష్యం చెల్లదు బిడ్డా. కుళ్ళు లేని దాన్ని తోలుకపోదాం," అన్నాడు. కాలేజీ సంచిలోంచి చిన్న అయస్కాంతం తీసి, రంగు గీరుకుపోకుండా చేతిరుమాలులో చుట్టి నా చేతికిచ్చాడు.

తర్వాత ఆయన చేసిన పని చూసి అమ్మ నోరు తెరిచింది. పంచాంగం మొహం ఎన్నడూ చూడని మనిషి, దించి తిరగేశాడు. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, "వదినా, రేపు పొద్దుగాల వర్జ్యం ఉన్నది. అది దాటేదాక ఆ బండి స్టార్టు చేయనీయకు," అన్నాడు. అబద్ధమేమీ కాదు, వర్జ్యం దాదాపు రోజూ ఉంటుంది. పెద్దమ్మకు వర్జ్యమంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. అప్పటికప్పుడు వెళ్ళి, ఉన్న ఒక్క తాళంచెవీ అడిగి తెచ్చి కొంగున కట్టుకుంది. కొనేవాళ్ళ నమ్మకాన్ని కాదంటే బేరం చెడుతుందని అమ్మే ఆయన కిమ్మనలేదు.

మర్నాడు బేరం ముగించడానికి అమ్మే ఆయన ఇంటికి వెళ్ళాం. పూలదండ, కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు, అన్నీ సిద్ధం. అక్క అప్పటికే పట్టులంగా కట్టుకుని తన సీట్లో కూర్చుంది. నావైపు చూసి జడ వెనక్కి విసిరింది కూడా. వర్జ్యం దాటిందని పెద్దమ్మ తాళంచెవి ఇచ్చింది. పెదనాయన తిప్పాడు. దగ్గింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ దగ్గింది. ఎంతసేపటికో మొదలై, వీధంతా నీలం పొగ నింపింది. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

"రాత్రంతా సల్లగున్నది కద సార్, గట్లనే చేస్తది," అన్నాడు అమ్మే ఆయన.

"పాత బండ్లు గంతే," అన్నాడు పెదనాయన. కానీ నవ్వలేదు.

అప్పుడు నాయన నాకు సైగ చేశాడు. అయస్కాంతం బానెట్ మీద పెట్టాను. టక్కున అంటుకుంది. తలుపు పైభాగంలో పెట్టాను, అంటుకుంది. తలుపు కింది అంచున పెడితే జారి నా చేతిలో పడింది. జరిపి పెట్టాను. మళ్ళీ పడింది. అక్కడ ఇనుము లేదు. తుప్పు తినేసిన చోట పుట్టీ మెత్తి, పైన రంగు కొట్టారు. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. పండగే అనుకోండి. "ఏంది బిడ్డా, రంగు కరాబైతది!" అని అమ్మే ఆయన గదమాయించినా ఆగలేదు. పడిన ప్రతిసారీ అక్క మొహం చూస్తూ ఇంకోచోట పెట్టాను.

నాయన అక్క వైపు తలుపు తెరిచి, "కాళ్ళు జర పైకి తియ్యి బిడ్డా," అన్నాడు. దాని పాదాల కింది మ్యాటు ఎత్తితే తారు పూసిన రేకు కనిపించింది. బొటనవేలితో నొక్కాడు. రేకు అప్పడంలా విరిగి కింద పడింది. ఆ కన్నంలోంచి నేల కనిపించింది, నేల మీద ఉన్న రాళ్ళు కనిపించాయి.

నా సంబరం అక్కడితో ఆగిపోయింది. అక్క పట్టులంగా అంచు పట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని, ఆ కన్నంలోకే చూస్తోంది. ఆ సీటు కోసం నేను రాత్రంతా ఏడ్చాను. గుట్టకు పోయే దారిలో, వేగం మీద, ఆ నేల ఊడిపోతే? అది నాకు అప్పుడు తట్టింది. వెళ్ళి దాని చెయ్యి పట్టుకున్నాను. అదీ విడిపించుకోలేదు.

పెదనాయన ఇంజను ఆపాడు. నాయన అక్కను ఎత్తి దింపాడు. "నేను నిన్ననే చెప్పలేదా" అనే మాట ఆయన నోట రాలేదు, ఆ రోజే కాదు, ఎన్నడూ. పెద్దమ్మ తాళంచెవిని అమ్మే ఆయన అరుగు మీద పెట్టేసి, కొట్టని కొబ్బరికాయ పట్టుకుని ఇంటికొచ్చి, దాంతో పచ్చడి చేసింది.

వెళ్ళేముందు నాయన ఆ ఎర్ర బానెట్ మీద మరోసారి చెయ్యి వేయడం నేను చూశాను. "ఇంకా నచ్చుతున్నదా నాయినా?" అని అడిగాను. "మస్తు నచ్చుతున్నది," అన్నాడు. "కుళ్ళుకున్న కంటికి తప్పులు జల్ది కనవడ్తయ్ బిడ్డా. కనవడనీ. కానీ అవి ఉన్నయో లేవో కుళ్ళు లేని దాన్ని అడగాలె. ఉంటే చెప్పాలె. లేకుంటే నోరు మూసుకుని సంబరపడాలె."

క్యాంపస్‌కు తిరిగి వచ్చేటప్పుడు అక్కను కూడా స్కూటర్ ఎక్కించుకున్నాడు. ముందు నిలబడే చోటు, అది నాది, దానికి ఇచ్చాడు. అప్పుడే పట్టుకున్న చెయ్యి మరిచి నాకు మళ్ళీ మండింది.

ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు, దాచుకోవడమెందుకు? అక్క విద్యానగర్‌లో ఇల్లు కొన్నప్పుడు మండింది, దాని కూతురికి మంచి సంబంధం కుదిరినప్పుడు మండింది. గోడలకు చెమ్మ ఉందా అని చెయ్యి పెట్టి చూశాను, పిల్లవాడి గురించి నలుగురిని అడిగాను. ఏ తప్పూ దొరకలేదు. నోరు మూసుకుని సంబరపడ్డాను. కష్టమే, కానీ వస్తుంది.

మొన్న అక్క ఫోన్ చేసింది. మనవడు ఎవరి దగ్గరో పాత స్పోర్ట్స్ కారు చూశాడట. అదీ ఎర్రదేనట. "రేపు చూడబోతున్నం. రాయే, నువ్వు కూడా వచ్చి జర కుళ్ళుకో," అన్నది.

కుళ్ళును నేను వెంట తీసుకుపోవాల్సిన పని లేదు. అది నాకంటే ముందే అక్కడికి చేరుకుంటుంది. నాయన ఇచ్చిన అయస్కాంతాన్ని మాత్రం రుమాలులో చుట్టి, గుర్తుపెట్టుకుని సంచిలో వేసుకున్నాను.