నా కూతురంటే నాకు భయం

నా కూతురికి ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పుడు, 2009లో, నేను ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకోవడం మొదలుపెట్టాను. మా గల్లీలో బట్టలు కుట్టే ఆమె కొలత తీసుకుంటూ, "ఏంది మేడమ్, గింత ఎండలల్ల మణికట్టు దాకనా?" అని నవ్వింది. ఆఫీసులో ఏసీ చలి ఎక్కువని చెప్పాను. హిమాయత్‌నగర్‌లోని మా ఆఫీసులో ఏసీ లేదు. రెండు ఫ్యాన్లుండేవి, అందులో ఒకటి తిరిగేది కాదు.

ఆ చేతుల కింద పళ్ల గాట్లుండేవి. కొత్తవి ఎర్రగా, పాతవి పసుపుపచ్చగా.

చిక్కడపల్లిలో మాది మూడు గదుల వాటా. నేను, మా ఆయన, అత్తమ్మ, మా ఒక్కగానొక్క కూతురు. మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం. వారంలో నాలుగు రోజులు జిల్లాల్లోనే ఉండేవాడు. కాబట్టి ఆ ఇంట్లో జరిగిందంతా ఎక్కువగా మా ముగ్గురు ఆడవాళ్ల మధ్యే జరిగింది.

పిల్లకు కోపం ఎప్పుడొస్తుందో మాకు తెలిసేది కాదు. పళ్లెంలో పెరుగు జారి పప్పుకు తగిలితే వచ్చేది. సాక్సు కుట్టు వేలి మీదికి జరిగితే వచ్చేది. ఒక్కోసారి ఏమీ జరగకుండానే వచ్చేది. ముందు ముఖం పాలిపోయేది. తర్వాత చేతికి దొరికింది విసిరేది. ఆపబోతే కొరికేది, జుట్టు పట్టుకుని గుంజేది, కడుపులో తన్నేది. పావుగంటో అరగంటో. అయిపోయాక చాప మీద పడుకుని మంచినీళ్లు అడిగేది. కాసేపటికి నా దగ్గరికొచ్చి, తన పళ్లు దిగినచోట వేలు పెట్టి, "నొస్తున్నదా మమ్మీ?" అనేది. మాటవరసకు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగేది.

"లేదు" అనేదాన్ని. కొన్నాళ్లకు ఆ ఒక్క మాట అనడానికి కూడా ఓపిక లేకపోయింది.

మా ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లో పిల్ల చాలావరకు నెమ్మదిగా ఉండేది. "నేనున్నప్పుడు మంచిగనే ఉంటది గద. జర ఓపిక పట్టు, పెద్దగైతే అదే తగ్గుతది" అనేవాడు. తప్పుడు మనిషి కాదు. చూడనిదాన్ని నమ్మలేకపోయాడు, అంతే. చుట్టాలు దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. పిల్ల ఆ తాయెత్తును పళ్లతో తెంపి కిటికీలోంచి పారేసింది.

నేను మాత్రం కారణాన్ని నాలోనే వెతుక్కునేదాన్ని. ఉద్యోగం వచ్చిన నెలలోనే కడుపుతో ఉన్నానని తెలిసింది. వారం రోజులు ఏడ్చాను. ఇప్పుడే ఎందుకొచ్చావని ఆ కడుపుతోనే అన్నాను. పిల్లకు నాలుగేళ్లప్పుడు వంట తెమలక దాన్ని బాత్రూమ్‌లో పెట్టి బయట గడియ పెట్టాను. ఇవి ఎవరికైనా చెప్పగలిగినవి. చెప్పలేనిది ఇంకొకటుంది. ఒకసారి అది నా భుజం కొరికినప్పుడు గరిటె తీసుకుని వీపు మీద కొట్టాను. అది ఏడ్చింది. ఏడుపు ఆపింది. ఆపిన తర్వాత కూడా కొట్టాను. జాలి పుట్టి ఆగలేదు, నా చెయ్యి నొప్పి పుట్టి ఆగాను. కొట్టడం అది ఎక్కడ నేర్చుకుందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుండేది. అదృష్టవశాత్తు ఎవరూ అడగలేదు.

తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజులవి. బడులు వారాల తరబడి మూతపడేవి. రోడ్డు మీద ఊరేగింపులు పోతుంటే మా అత్తమ్మ గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టేది. నేను కూడా రాష్ట్రం రావాలనే కోరుకున్నాను. కానీ రేపు కూడా బడి బంద్ అని విన్నప్పుడు నా మనసులో మొదట మెదిలేది మాత్రం, రేపంతా పిల్ల ఇంట్లోనే ఉంటుందన్న మాట.

2011లో నాకు ఒక అలవాటైంది. ఐదున్నరకు ఆఫీసు నుంచి బయల్దేరి నారాయణగూడ మీదుగా నడిచొచ్చేదాన్ని. మా గల్లీ మలుపు వచ్చేది. ఆ మలుపు దాటేసి ముందుకు నడిచేదాన్ని. అశోక్‌నగర్ వైపు లైబ్రరీ దగ్గర, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు చెట్ల కింద, మెట్ల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ పుస్తకాలేసుకుని కూర్చునేవారు. మొదటిరోజు ఊరికే నిలబడ్డాను. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒకమ్మాయి జరిగి చోటిచ్చింది.

"కూసో అక్కా. నువ్వు గూడ గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్నవా?"

"ఔను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాకప్పుడు ముప్పై ఆరేళ్లు.

ఆ అమ్మాయి తన పుస్తకాల్లో ఒకటి నాకిచ్చింది. నదులు, పంచవర్ష ప్రణాళికలు, రాజ్యాంగ సవరణలు. రోజూ అరగంట, ఒక్కోరోజు గంట, అక్కడ కూర్చుని చదివేదాన్ని. అక్కడ నన్నెవరూ పిలిచేవారు కాదు, తాకేవారు కాదు. ఇంట్లో మాత్రం ఆఫీసులో పని పెరిగిందని చెప్పాను.

వానాకాలం ఒక సాయంత్రం జల్లు పడితే అందరం లైబ్రరీ వసారాలోకి చేరాం. ఫోను సంచి అడుగున ఉంది. తీసి చూసేసరికి పక్కింటావిడ చాలాసార్లు చేసింది. తిరిగి చేస్తే, "మీ అత్తమ్మకు దెబ్బ తాకింది, దవాఖానకు తీస్కపోతున్నం, జల్దిన రా" అంది.

పిల్ల నీళ్ల చెంబు విసిరింది. అత్తమ్మ ఎడమ కనుబొమ్మ పైన చిట్లింది. నేను వెళ్లేసరికి నర్సు కుట్లు వేస్తోంది. ఎలా తగిలిందని డాక్టరు అడిగాడు. నేను నోరు తెరవకముందే అత్తమ్మ చెప్పింది.

"బాత్రూంల జారి పడ్డ సార్. పెద్దదాన్ని గద."

ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాక పాలు వేడిచేసి ఇచ్చాను. పిల్ల వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పక్కింటావిడ దాని పక్కన. అత్తమ్మ పాలు తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"ఆఫీసుల ఇంత పనేంది బిడ్డా ఈ నడుమ?"

నేను చెప్పేశాను. లైబ్రరీ, ఆ అమ్మాయి, పుస్తకం, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె గ్లాసులోకి చూస్తూ చెప్పింది.

"అది బడికెళ్లి వచ్చినంక దానికి తిననీకి పెట్టి, నేను బయట మెట్ల మీద కూసుంట. నువ్వొచ్చేదాక. శాన దినాలకెళ్లి గంతే. లోపల దానితోని ఒక్కదాన్ని ఉండనీకి ధైర్యం చాలదు." గ్లాసు కింద పెట్టింది. "ఇయ్యాల వాన పడ్డది. గందుకే లోపటికి పోయిన."

నేను వసారాలోకి చేరి పంచవర్ష ప్రణాళికలు చదువుతున్నప్పుడు పడిన వానే అది.

ఆ తర్వాత నేను సాయంత్రాలు తిన్నగా ఇంటికే వచ్చాను. పుస్తకం తిరిగివ్వడానికి ఒక్కసారి వెళ్తే ఆ అమ్మాయి, "రోజూ నీకు సీటు ఆపుతున్న అక్కా, ఏమైంది?" అంది. ఇంట్లో బాగా లేదన్నాను. మొదటిసారి ఆ అమ్మాయికి నిజం చెప్పాను.

కుట్లు చూశాక మా ఆయన ఓపిక పట్టమనడం మానేశాడు. నారాయణగూడలో పిల్లల మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ ఉందంటే ముగ్గురం వెళ్లాం. ఆవిడ పిల్లతో బొమ్మలు వేయించింది, మాటలాడింది. తర్వాత దాన్ని తండ్రితో బయట కూర్చోబెట్టి నన్ను అడిగింది.

"పాప బడి నుంచి వస్తున్న చప్పుడు వింటే మీకేమనిపిస్తుంది?"

సంతోషమనిపిస్తుందని చెప్పబోయాను. "భయమైతది" అనే మాట వచ్చింది.

"అది పాపకు తెలుసా?"

"తెలుసు."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. పాపకు ఉన్నది ఒక జబ్బులాంటిదని, కడుపులో ఉన్నప్పుడు నేను ఏడ్చినందుకు వచ్చింది కాదని చెప్పింది. మందు రాసింది. కోపం వచ్చేముందు ఏం జరిగిందో రోజూ నోటుబుక్కులో రాయమంది. కోపం వస్తే పిల్ల తన గదిలోకి పోవాలి, మేం వెంట పోకూడదు. గరిటె సంగతి కూడా చెప్పాను. "అది మళ్లీ జరగకూడదు" అంది, అంతే. క్షమించిందో లేదో ఆ ముఖం చూస్తే తెలియలేదు.

మందుతో కొంత మెరుగైంది. రోజూ జరిగేది వారానికి రెండుసార్లైంది. కానీ నేను అప్పటికే అలిసిపోయాను. స్నానం చేస్తూ కూడా కూర్చుండిపోయేదాన్ని. 2012 ఎండాకాలం సెలవులకు అంబర్‌పేట్‌లో ఉండే మా అక్క పిల్లను నెల రోజులు పంపమంది. అక్క పిల్లలు కాలేజీకొచ్చారు. ఇల్లు పెద్దది. సంచి సర్ది, మందుల పద్ధతి కాగితం మీద రాసి పంపాను. అక్కతో ఆటో ఎక్కేటప్పుడు పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఆటో కనుమరుగయ్యాక లోపలికొచ్చి మధ్యాహ్నం పడుకున్నాను. లేచేసరికి దీపాలు పెట్టే వేళైంది. పెళ్లైనప్పటి నుంచి అంత నిద్ర పోలేదు. పిల్ల లేని ఇల్లు నాకు ఎంత బాగుందో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

రోజూ ఫోన్ చేసేదాన్ని. "మంచిగున్నది. ఏం చేస్తలేదు. నువ్వు ఫికర్ చెయ్యకు" అనేది అక్క. మొదటి వారం ఆ మాటకు ఊపిరి పీల్చుకున్నాను. రెండో వారం అదే మాట గుచ్చుకోవడం మొదలైంది. అక్కడ మంచిగా ఉందంటే, అది నా దగ్గర మాత్రమే అలా ఉంటుందన్నమాట. నా గొంతులో, నా చేతుల్లో, నా వంటలో ఏదో ఉందన్నమాట. డాక్టరమ్మ చెప్పింది ఓదార్పుకే అన్నమాట. నేను లేకపోతే నా కూతురు బాగుంటుంది.

పద్దెనిమిదో రోజు చెప్పకుండా అంబర్‌పేట్ వెళ్లాను. పిల్ల డాబా మీద అక్క కూతురితో క్యారమ్స్ ఆడుతోంది. వంటింట్లో అక్క పూరీలు వత్తుతోంది. ఆ ఎండలో, పొయ్యి ముందు, పొడుగు చేతుల నైటీ వేసుకుని ఉంది.

నేను దగ్గరికెళ్లి చెయ్యి పైకి లాగాను. మోచేతి కింద మూడు గాట్లు. ఒకటి పసుపుపచ్చగా, రెండు ఎర్రగా.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వచ్చి తీస్కపోతవ్. నువ్వు నిద్ర పోవాల్నని గద తెచ్చుకున్నం."

నేను అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చాను. అక్క నా మీద జాలితో తను కూడా ఏడ్చింది. ఆమెకు ఇప్పటికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ గాట్లు చూడగానే నా లోపల లేచింది సంతోషం. అక్కను కూడా కొరికింది. నన్నొక్కదాన్నే కాదు. పెద్దమ్మ చేతి మీద గాట్లు చూసి తల్లి తేలికపడింది. ఆ తర్వాతే అక్క నొప్పి గుర్తొచ్చింది.

పిల్లను ఆరోజే తీసుకొచ్చేశాను. ఆటోలో చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"నేను లేకుంటే నీకు మంచిగుండెనా మమ్మీ?"

లేదు బంగారం అనొచ్చు. దానికి పదేళ్లు దాటాయి, అబద్ధం పట్టుకోగలదు.

"నిద్ర మంచిగ పట్టింది" అన్నాను. "కానీ రోజూ ఫోన్ చేసిన గద."

"రోజూ చేసినవ్" అని ఒప్పుకుంది.

ఆ తర్వాత రెండేళ్లలో గొప్పగా చెప్పుకునేదేమీ జరగలేదు. మందు మార్చారు, మళ్లీ పాతదే ఇచ్చారు. నోటుబుక్కులు మూడు నిండాయి. చెడ్డ నెలలొచ్చాయి. ఒకసారి నా చూపుడువేలు విరిగింది, తలుపు సందులో పడిందని ఆఫీసులో చెప్పాను. మా ఆయన బతిమాలుకుని ఊళ్లు తిరగని పనిలోకి మారాడు. ఇంట్లో ఉండి అన్నీ చూశాడు. ఒకరోజు పిల్లను పట్టుకుని ఆపాక చెంప మీద గీరలతో నా పక్కన కూర్చుని, "ఇన్నేండ్లు నువ్వొక్కదానివే పట్టినవా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. లేచి దూది తెచ్చిచ్చాను.

2014లో పిల్ల ఎనిమిదో తరగతికొచ్చింది, నారాయణగూడలో ఇంకో బడి. ఒకరోజు బడి నుంచి ఫోను, టీచరు వచ్చి కలవమన్నారని. నేను ఆఫీసులో చెప్పి నడుచుకుంటూ వెళ్లాను. ఎవరి తల పగిలిందో, ఎవరి కాళ్లు పట్టుకోవాలో అనుకుంటూ దారంతా మాటలు కూర్చుకున్నాను.

"మీ పాప తెలుగు నోట్సు రెండు నెలల నుంచి రాస్తలేదమ్మా. కిటికీ దిక్కు చూస్తది. జర మీరు చెప్పాలె" అంది టీచరు.

"ఇంకేమన్న చేసిందా మేడమ్?"

"ఇంకేం చెయ్యాలె?" అని ఆవిడ నన్ను వింతగా చూసింది.

బయటికొచ్చి ఒక ఇరానీ హోటల్లో చాయ్ చెప్పాను. నోట్సు రాయడం లేదన్న ఫిర్యాదు తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. చాయ్ చల్లారిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నమే పళ్లెం గోడకు తగిలింది. కూరలో ఉప్పెక్కువైందన్న మాట మీద మొదలై ఎక్కడికో పోయింది. పిల్ల నా వైపు చూసింది. ఇప్పుడది నా అంత పొడుగు. నా ఒళ్లు తనంతట తానే బిగుసుకుంది. పిల్ల పళ్లేన్ని గోడకేసి విసిరి, గదిలోకి పోయి తలుపేసుకుంది. లోపల ఏదో కిందపడిన చప్పుడు, తర్వాత ఏడుపు, తర్వాత ఏమీ లేదు. మా ఆయన లేవబోతే వద్దన్నాను. అత్తమ్మ పేపరు దించలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ముఖం ఉబ్బి ఉంది. ఎవరి వైపూ చూడకుండా చీపురు, చేట తెచ్చి మెతుకులు ఊడవడం మొదలుపెట్టింది. నాకు లేచి సాయం చేసే ఓపిక లేదు, చేయాలనీ అనిపించలేదు. కుర్చీలో అలాగే కూర్చున్నాను. అది ఊడ్చుకుంటూ నా దాకా వచ్చి ఆగింది.

"కాళ్లు లేపు మమ్మీ."

లేపాను.